తిట్టుడు కాదు, నిలుపుకోండి!

మన డాక్టర్లు అమెరికా, బ్రిటన్ పోతే ‘డబ్బాశ’ అని తిట్టడం తేలిక. మేం అడిగేదొక్కటే: ఇక్కడ వాళ్లను నిలిపేదేముంది?

2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామ, భూపాలపల్లికి సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషం. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో అది మన హక్కు. కానీ పీజీ సీటుకు ఏండ్లకేండ్లు నీట్ రాసేటోళ్లున్నారు. కాంట్రాక్టు కొలువుకు భరోసా లేదు. స్టైపెండ్ సక్రమంగా ఇవ్వాలని 2024 జూన్‌లో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. అమెరికాలో రెసిడెన్సీ దొరికితే పై చదువు, మంచి జీతం ఒక్కచోటే. ఇక ఎవరాగుతారు?

భూపాలపల్లి గని కార్మికుడు, మహబూబాబాద్ తండా బాలింత విమానమెక్కలేరు. వాళ్లకు సర్కారు దవాఖానే దిక్కు. పీజీ సీట్లు, పర్మినెంటు పోస్టులు, క్వార్టర్లు, రక్షణ ఇవ్వండి. దేశభక్తి పాఠం తర్వాత చెప్పొచ్చు!