శ్వేతమేఘ మఠము

చీనాదేశపు రాజధాని యగు బీజింగు నగరమున బైయున్‌గువాన్ అను తావోమత మఠ మొకటి కలదు. ఆ పేరునకు శ్వేతమేఘ మఠ మని యర్థము. 8వ శతాబ్దమున థాంగు వంశపు చక్రవర్తి షువాన్‌జుంగు స్థాపించిన మఠమునుండి ఇది తన చరిత్రను లెక్కించుకొనును. కాని నేడచ్చట కానవచ్చు మందిరములు మింగు, చింగు వంశముల నాటివి. ఇది చూచి, మఠము ప్రాచీనమైనది కాదని పెదవి విరుచువారు కలరు. అది తొందరపాటు మాట.

చీనావారు తమ ఆలయములను ఎక్కువగా కొయ్యతో కట్టిరి. రాతిగుడి వయస్సును కొలిచినట్లు కొయ్యమందిరపు వయస్సును కొలువరాదు. 1202లో ఈ మఠము అగ్నికి ఆహుతి యయ్యెను. ఆ పిమ్మట దానికి ప్రాణము పోసినవాడు ఛియు ఛుజి అను గురువు.

ఆయన కథ వినదగినది. మంగోలు ప్రభువగు చెంఘిజ్ ఖాను దీర్ఘాయువు నొసగు ఔషధమును గోరి ఆయనకు కబురంపెను. డెబ్బదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు ఎడారులను, కొండలను గడచి, 1222లో హిందూకుష్ పర్వతప్రాంతమున ఖానును దర్శించెను. ప్రాణమును కాపాడుకొను మార్గములు కలవు గాని, మరణమును తప్పించు మందు లేదని ఆయన స్పష్టముగా చెప్పెను. లోకమును గడగడలాడించినవాని యెదుట అంతటి నిజ మాడుట సామాన్యమా! ఖాను కోపింపలేదు సరికదా, ఆయన శిష్యులకు పన్నులు మాన్పించెను. 1224లో తిరిగివచ్చిన గురువు ఈ మఠముననే నివసించి 1227లో గతించెను. ఖాను మరణించినదియు ఆ యేడే.

శిష్యులు మఠమునకు ప్రక్కన గురువునకు సమాధిమందిరము కట్టిరి. తొలిమఠము కాలక్రమమున నశింపగా, ఈ మందిరమే పెరిగి శ్వేతమేఘ మఠ మైనది. అనగా గోడలే కాదు, నిలిచిన చోటు సైతము కొంత జరిగినది. అట్లయిన ప్రాచీనత యెక్కడ నున్నది? గురువునుండి శిష్యునకు తెగక వచ్చిన వరుసలో నున్నది. వారు దాచిన గ్రంథములలో నున్నది.

1281లో కుబ్లాయి ఖాను, తావో తె చింగు దక్క తక్కిన తావో గ్రంథములను తగులబెట్ట నాజ్ఞాపించెను. మిగిలినవానిని ఏర్చి కూర్చి మింగు ప్రభువులు 1445లో 5,305 సంపుటములుగా ముద్రణ ముగించిరి. అందొక ప్రతి 1447లో ఈ మఠమునకు చేరినది. ఇతర ప్రతులు పెక్కు నశించినను, ఇచ్చటి సన్న్యాసులు తమ ప్రతిని నాలుగు శతాబ్దములకు పైగా కాపాడిరి. దానినిబట్టియే 1923 మొదలు 1926 వరకు షాంఘైలో పునర్ముద్రణ జరిగినది. ఆ కాపుదల లేకున్న నేటి పండితులకు తావోమత చరిత్ర చాలవరకు చీకటియే.

1957లో చీనా తావోమత సంఘమునకు ఈ మఠము కేంద్రమైనది. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలమున తలుపులు మూతపడినవి. 1984లో మరల తెరువబడినవి. క్రొత్తసంవత్సరపు పండుగనాళ్లలో జనులు ద్వారమునందు చెక్కిన చిన్న రాతికోతిని తాకుటకు బారులు తీరుదురు. లెక్కకు మిక్కిలి చేతులు సోకి ఆ రాయి అద్దమువలె నునుపెక్కినది.