ఉతికే చోట సింకు కావాలా?

కొత్త ఫ్లాటు తీసుకున్నవాళ్లు వంటింటి అరలకు ఏ రంగు వేయించాలో నెల రోజులు ఆలోచిస్తారు. హాల్లో లైట్లు ఎక్కడ రావాలో నలుగురినీ అడుగుతారు. వంటింటి వెనక వాష్ ఏరియా దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘వాషింగ్ మెషీన్ పడితే చాలు’ అని తేల్చేస్తారు. తీరా ఇంట్లో దిగాక మొదలవుతుంది... ‘అక్కడో సింకు పెట్టిస్తే బాగుండేదేమో’ అన్న మాట.

మెషీన్ ఉండగా సింకు ఎందుకన్నది ఇంటాయన ప్రశ్న. మెషీన్ ఉతుకుతుంది, నిజమే. కానీ దానికి ముందూ వెనకా ఉండే పనులు చేయదు. చొక్కా కాలర్లు, పిల్లల మేజోళ్లు చేత్తో రుద్దాల్సిందే. రంగు వదిలే కొత్త నూలు చీరను మిగతావాటితో కలపలేరు. పసిపిల్లల గుడ్డలు విడిగా జాడించాలి. ఇల్లు తుడిచిన గుడ్డ పిండాలి. సింకు లేనంత మాత్రాన ఈ పనులు ఆగవు. బాత్‌రూమ్‌లో బకెట్ మీద వంగి చేస్తారు. లేదంటే కూరగాయలు కడిగే వంటింటి సింకులోనే కానిచ్చేస్తారు. నేల తుడిచిన గుడ్డ పిండాల్సిన చోటు మాత్రం అది కాదు.

ముందు నెల రోజుల పరీక్ష

అయినా అందరికీ సింకు అవసరమేనా అంటే, కాదు. ఇద్దరే ఉండే ఇంట్లో నాలుగు రోజులు వాడి, ఆ తర్వాత దాని మీద పాత పేపర్లు పెట్టుకోవచ్చు. అందుకే మేస్త్రీని పిలిచే ముందు చిన్న పరీక్ష చేసుకోవాలి. వాష్ ఏరియాలో కదలని బల్ల ఒకటి వేసి, దాని మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టాలి. నెల రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు వాడారో క్యాలెండర్లో గీతలు పెట్టుకోవాలి. వారానికి మూడు నాలుగు గీతలు పడితే సింకు పెట్టించుకోవడమే మేలు. నెలకే మూడు నాలుగైతే ఆ బల్లా టబ్బూ చాలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇదే సులువైన దారి.

ఎత్తు ఎవరి కొలతకు?

పరీక్ష నెగ్గాక చాలామంది చేసే పని, వంటింటి సింకులాంటిదే ఇంకోటి తెచ్చి బిగించడం. గిన్నెల సింకులో బట్టలు జాడిస్తే నీళ్లన్నీ చీర మీదే పడతాయి. బట్టలకు కనీసం 10 అంగుళాల లోతుండాలి. లోతు పెరిగితే వంగాల్సి వస్తుంది కాబట్టి ఎత్తు కూడా చూసుకోవాలి. ఉతికే మనిషి నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే, వేళ్లు సింకు అడుగును తాకాలి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి సింకు అంచు నేల నుంచి 33 అంగుళాల ఎత్తులో, లోతు 10 అంగుళాలు ఉంటే దాదాపు సరిపోతుంది.

ఇక్కడే అసలు ప్రశ్న... ఆ మనిషి ఎవరు? కొలతలు చెప్పేది ఒకరు, రోజూ అక్కడ నిలబడేది మరొకరు. అత్తగారు ఉతుకుతారా, కోడలా, పనిచేసే ఆవిడా? ఆ మనిషిని నిలబెట్టే కొలత తీసుకోవాలి. 10 లీటర్ల బకెట్ అంటే 10 కిలోల బరువు. రోజూ నాలుగు బకెట్లు వంగి ఎత్తే నడుముకు సింకు విలువ వేరే చెప్పనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింద కూర్చుని లేవడమే పెద్ద పని.

అలాగని కింది కుళాయి తీసేయకూడదు. దుప్పట్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు ఏ సింకులోనూ పట్టవు. వాటికి నేలే దిక్కు.

నీళ్లు ఎటు పోతాయి?

అన్నిటికన్నా ముందు ప్లంబర్‌ను అడగాల్సిన మాట ఇది. చాలా బాల్కనీల్లో కనిపించే పైపు వాననీళ్లది. దగ్గరగా ఉంది కదా అని సింకు పైపు దానికి కలిపితే సబ్బునీళ్లు వీధి కాలువలోకో, ఇంకుడు గుంతలోకో చేరతాయి. ఇంకుడు గుంత ఉన్నది వాననీటిని భూమిలోకి పంపడానికి. అందులో సబ్బునీళ్లు వదిలితే రేపు అపార్ట్‌మెంట్ అందరూ తోడుకునే బోరు నీటికే చేటు. బాత్‌రూమ్ నీళ్లు పోయే పైపుకు కలిపే వీలుందో లేదో చూసుకోవాలి. లేకపోతే సింకు ఆలోచన మానుకోవడమే మంచిది.

సింకు కింద పైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో నిలిచే నీళ్లే దుర్వాసననూ బొద్దింకలనూ అడ్డుకుంటాయి. సింకు వాడకుండా వదిలేస్తే ఆ నీళ్లు ఆరిపోతాయి. ఊరెళ్లి వచ్చినప్పుడు వాష్ ఏరియా కంపు కొట్టేది చాలాసార్లు ఇందుకే. ఒక మగ్గు నీళ్లు పోస్తే సరి. మెషీన్ నీళ్లూ సింకు నీళ్లూ ఒకే సన్నటి పైపులోకి వెళితే మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా నురుగు సింకులోకి ఎగదన్నుతుంది. పైపు వెడల్పు ముందే చూసుకోవాలి. దారప్పోగులు అడ్డుపడకుండా జాలీ వేయించాలి.

చివరగా చోటు. సింకు వచ్చాక మెషీన్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, బట్టల బుట్ట పట్టుకుని మనిషి తిరగగలదా అన్నది నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోవచ్చు. గీసేటప్పుడు రోజూ ఉతికేవాళ్లను పిలిచి, ఆ గీతల మధ్య నిలబడి చూడమనండి. కావాలో వద్దో చెప్పాల్సింది వాళ్లే.