మీనం కాని మీనం

విద్యకు పరీక్ష అవసరమే; పరీక్షయే విద్య అనుకొనడం మాత్రం ప్రమాదం. దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు బారులు తీరిన శిక్షణాలయాలలో నీట్ పరీక్షకు చదివే పిల్లవానిని ఇక్తియోసారస్ అంటే ఏమిటని అడగండి. “20 కోట్ల సంవత్సరాల నాడు నేల నుండి నీటికి మరలిన, చేపవంటి సరీసృపం” అని తడుముకొనకుండా చెప్పగలడు. పన్నెండవ తరగతి జీవశాస్త్రంలో ఆ ప్రాణికి దక్కినది ఇంచుమించు ఆ ఒక్క వాక్యమే. పాఠ్యపుస్తకం ప్రకారం సమాధానం సరియైనదే, 4 మార్కులూ వస్తాయి. కాని ఆ వాక్యంలోని ఆశ్చర్యం ఆ పిల్లవానికి అందినదా?

గ్రీకు భాషలో ‘ఇక్తిస్’ అనగా చేప, ‘సారోస్’ అనగా బల్లి. తెలుగులో చేపబల్లి అనవచ్చును. నిజానికది చేపా కాదు, బల్లీ కాదు. రూపం చేపది, ఊపిరి నేలజంతువుది. మొప్పలు లేవు గనుక గాలి కొరకు నీటిపైకి రావలసినదే. గుడ్లు పెట్టుటకు ఒడ్డెక్కలేదు. సముద్రంలోనే పిల్లలను కన్నది. గర్భంలో పిల్లలుండగానే శిలగా మారిన తల్లులు జర్మనీలో లభించాయి. సొరచేప, డాల్ఫిన్, చేపబల్లి మూడూ వేర్వేరు వంశాలు. వేగంగా ఈదవలసిన నీరు ఒక్కటే గనుక ఆకారాలు కలిశాయి.

మన ఉపాధ్యాయులలో కొందరు పరిణామాన్ని దశావతారాలతో పోల్చి బోధించడం కలదు. పిల్లలకు సులభంగా పట్టుబడుతుంది, నిజమే. అయితే మత్స్యం, కూర్మం, వరాహం అని మెట్లెక్కించే ఆ పోలికలో, నేలను చేరి మరల నీటికి దిగిన ఈ ప్రాణికి చోటేది? జీవపరిణామానికి నిచ్చెన కంటె కొమ్మలు వేసిన చెట్టే తగిన ఉపమానం. ఈ సంగతి తెలుపుటకైనా చేపబల్లిని గురించి తరగతిలో ఒక గంట మాట్లాడవలెను.

ఇది పరదేశపు కథ కూడా కాదు. తిరుచిరాపల్లి ప్రాంతంలో దొరికిన ఎముకలకు 1879లో లిడెక్కర్ ‘ఇక్తియోసారస్ ఇండికస్’ అని నామకరణం చేశారు. గుజరాత్‌లో, నేడు ఎండి బీటలువారిన కచ్ నేలలో, సుమారు 15 కోట్ల ఏండ్లనాటి చేపబల్లి అస్థిపంజరం, అయిదున్నర మీటర్ల పొడవుగలది, బయల్పడినది. ఢిల్లీ విశ్వవిద్యాలయాచార్యులు గుంటుపల్లి ప్రసాద్ ప్రభృతులు 2017లో దానిని లోకానికి ప్రకటించారు.

హైదరాబాదులో చేపబల్లిని చూపలేకపోయినా, సముద్రాలలో అవి ఈదుతున్న యుగంలోనే మన గోదావరి లోయలో తిరిగిన కోటసారస్‌ను చూపవచ్చును. యామన్‌పల్లి వద్ద దొరికిన ఆ ఎముకలు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబడి ఉన్నాయి. ఎల్.బి.నగర్‌లో ఎక్కిన మెట్రో రైలు శాసనసభ దరిని దించుతుంది; అక్కడినుండి కాలినడకయే. కంఠస్థం పూర్తయిన తరువాతనైనా ఒక ఆదివారం పిల్లలను అక్కడికి తీసికొనిపోండి. వారు అడిగే ప్రశ్నలకు నాలుగు వికల్పాలు ఉండవు. వాటికి ఉపాధ్యాయుడు సిద్ధపడి ఉండవలెను.