కొత్త కుండకున్న పద్ధతి కొత్త సంపుకెందుకు లేదు?

రాయి కూడా నీళ్లలోకి దిగుతుందని మా నల్లగొండ జిల్లా ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భూమిలోని రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కలిసి ఎంతమంది పళ్లను, ఎముకలను పాడుచేసిందో కళ్లారా చూశాం. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది. కానీ ఆ నీళ్లు నేరుగా మన గ్లాసులోకి రావు కదా! ముందు సంపులోకి, అక్కణ్ణుంచి పైపుల్లో మిద్దె మీది ట్యాంకుకి, చివరికి వంటింటి నల్లాకి వస్తాయి. ఈ దారిలో నీళ్లలో ఏం కలుస్తోందో ఎవరైనా అడుగుతున్నామా?

నిడమనూరులో, చుట్టుపక్కల ఊళ్లలో కొత్త ఇళ్లు చాలా లేస్తున్నాయి. ముహూర్తం దగ్గర పడగానే సంపు కడిగీ కడగనట్టు కడిగి నింపేస్తారు. కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు చేతికి జారుడుగా తగులుతాయి. తాగే నీళ్ల పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలని మన దేశ ప్రమాణం చెబుతుంది. కొత్త సంపులో మొదట నింపిన నీళ్లు ఆ గీత దాటిపోవచ్చు.

యూరప్‌లో దీనికి ఒక పరీక్ష ఉంది. సిమెంటు దిమ్మనో ఇటుకనో నీళ్లలో 64 రోజులు ఉంచుతారు. మధ్యలో 8 సార్లు నీళ్లు మార్చి, ప్రతిసారీ ఏమేం దిగాయో కొలుస్తారు. మన అమ్మమ్మలు చేసిందీ ఇంచుమించు ఇదే. కొత్త కుండ తెస్తే నీళ్లు పోసి, ఉంచి, పారబోసిన తర్వాతే తాగే నీళ్లు పట్టేవాళ్లు. వంద రూపాయల కుండకున్న జాగ్రత్త లక్షలు పోసి కట్టే ఇంటికి లేకపోవడమేమిటి?

సున్నమేగా, విషమా అంటారు కొందరు. నిజమే, నాలుగుసార్లు నింపి వదిలితే తగ్గిపోతుంది. నా అసలు భయం సీసం. అది రంగులో, రుచిలో తెలియదు, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని తీసేయించడానికి మన కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. అంతకుముందు వేసిన పైపులు ఎన్ని ఇళ్లలో లేవు? రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లలోనే ఇలాంటివి ఎక్కువగా చేరతాయి. అందుకే పొద్దున మొదటి బిందె మొక్కలకు పోయండి, పాలడబ్బాకి మాత్రం పట్టకండి.

బూడిద ఇటుకల మాటా చెప్పాలి. పక్కనే దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. బూడిదను గుట్టలుగా వదిలేసే కన్నా ఇటుకలు చేయడం నయమే. పైన ప్లాస్టరింగ్ ఉన్న పొడి గోడకు నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడూ నీళ్లు నిలిచే సంపుకి, తొట్టికి వాడేటప్పుడు మాత్రం పరీక్ష కాగితం అడగాలంటాను.

సిమెంటులోని క్రోమియం చర్మానికి కూడా మంచిది కాదు. యూరప్‌లో 2005 నుంచి దానికి పరిమితి పెట్టారు. మన దగ్గర మాలు కలిపి, తట్టలు మోసే ఆడకూలీల అరచేతులు చూడండి. పగిలి, దురద పెట్టి, రాత్రిళ్లు నిద్ర ఉండదు వాళ్లకి. ఇల్లు కట్టించేవాళ్లం ఒక్కొక్కరికీ ఒక జత రబ్బరు గ్లౌజులు కొనిస్తే మన ఖర్చేం పెరిగిపోదు.

సామాను ఎంచేది మగవాళ్లూ మేస్త్రీ. ఆ నీళ్లతో వండేది, పసిపిల్లకు తాగించేది మనం. కాబట్టి ఇల్లు కడుతున్న అక్కలూ చెల్లెళ్లూ, టైల్స్ రంగు గురించి మాట్లాడినంత గట్టిగా పైపు గురించీ మాట్లాడండి. సంపు నింపి ఖాళీ చేయడానికి ముహూర్తానికి ముందే కొన్ని రోజులు అడిగి పెట్టుకోండి. ఊరి ట్యాంకు నీళ్లు కాదు, మీ వంటింటి నల్లా నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపించండి. సీసం కూడా చూడమని నోరు తెరిచి చెప్పండి.