పరంపర పేరిట ఒంటరితనం

శాస్త్రీయ సంగీత నృత్యాలు గురుముఖతః అబ్బవలసిన విద్యలనీ, వాటిని నేర్పేవారికి మళ్ళీ సదస్సులూ కార్యశాలలూ అనవసరమనీ, వేదికపై రాణించినవారు బోధనలోనూ సహజంగానే రాణిస్తారనీ తెలుగు కళారంగంలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. పరంపర పట్ల గౌరవంగా కనిపించే ఈ వాదం నిజానికి పరంపరకే విరుద్ధం.

13వ శతాబ్దపు లక్షణగ్రంథమైన ‘సంగీత రత్నాకరం’లో శార్ఙ్గదేవుడు గాయకులను శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు అని ఐదు విధాలుగా విభజించాడు. వీరిలో కొరత లేకుండా నేర్పగలవాడు శిక్షాకారుడు, శ్రోతలను అలరించేవాడు రంజకుడు. పాడటంలోని నేర్పే బోధనలోని నేర్పు కూడా అయితే ఈ విభజనకు అగత్యమే ఉండేది కాదు. ఆధునిక కాలంలోనూ, 1927 నాటి మద్రాసు కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశం ఫలితంగా 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీ, మూడేళ్ళకే సంగీతోపాధ్యాయుల కోసం ప్రత్యేక కళాశాల తెరిచి, టైగర్ వరదాచారి అంతటి విద్వాంసుడికి దాని బాధ్యత అప్పగించింది. అదే అకాడమీ సదస్సుల్లో పెద్ద విద్వాంసులే రాగలక్షణాలపై, అంటే ఒక రాగాన్ని గుర్తుపట్టించే స్వరసంచారాలపై, తోటివారి ముందు తమ పాఠాన్ని చర్చకు పెట్టారు. దాన్ని ఎవరూ చిన్నతనంగా భావించలేదు.

కూచిపూడి విషయం మరింత స్పష్టం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి భాగవతుల కుటుంబాలు ఒకే అగ్రహారంలో ఇరుగుపొరుగున ఉంటూ, మేళాలుగా, అంటే ఊరూరా ప్రదర్శనలిచ్చే బృందాలుగా మసలిన రోజుల్లో ఒక గురువు చెప్పే జతులు, అంటే అడుగులకు తగ్గట్టు పలికే తాళాక్షరాలు, పక్కింటి గురువు చెవిన పడేవి. తప్పుపట్టేవారికి ఆ ఊళ్ళో కొదవ లేదు. ఆ నాట్యం మద్రాసుకూ (వెంపటి చినసత్యం అక్కడ 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు), హైదరాబాదుకూ, ఆపైన అమెరికాకూ విస్తరించి ఎందరికో అందింది గానీ, ఆ క్రమంలో గురువుకు ఇరుగుపొరుగు లేకుండా పోయింది. ఇంటి మగపిల్లలు చిన్ననాటి నుంచి రోజూ చేసే సాధనకు తగినట్టు ఏర్పడిన శిక్షణను, నేడు వారానికి రెండు రోజులు బడి ముగించుకుని వచ్చే పిల్లలకు టైల్స్ నేల మీద అందించవలసి వస్తోంది. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు విచ్చి సగం కూర్చునే భంగిమలో, పాదాలు తిరిగినంత మేర తుంటి కీలు తిరగకపోతే ఆ మెలిక భారం మోకాలిపై పడుతుంది. గట్టి నేలపై పాదఘాతం దానికి తోడవుతుంది. మగపిల్లల గొంతు మారే వయసులో శ్రుతిని ఎంత మార్చాలన్నది గాత్ర గురువుకు ఎదురయ్యే ఇలాంటి చిక్కే. వీటికి ‘మా గురువుగారు ఇలాగే నేర్పారు’ అన్నది జవాబు కాదు.

పలు బాణీలవారు ఒకచోట చేరితే బాణీలు కలగాపులగమవుతాయన్న భయం కూడా నిలవదు: తన అడుగు ఫలానా విధంగానే ఎందుకు పడాలో మరో బాణీ గురువుకు వివరించవలసి వచ్చినప్పుడే ఎవరికైనా సొంత బాణీ హద్దులు తేటపడతాయి.

సదస్సుల పేరిట జరిగేవాటిలో చాలావరకు శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలతో ముగుస్తున్నాయన్న ఫిర్యాదు మాత్రం సబబే. వేలమందిని ఏకకాలంలో ఆడించి రికార్డు పుస్తకాలకెక్కే మహాబృంద నాట్యాన్ని బోధనాభివృద్ధిగా చాటుకోవడం విడ్డూరం. మూడు రోజుల్లో కొత్త ఐటం ఎక్కించుకుని ఇంటికి వెళ్ళి దాన్ని పిల్లలకు దించడం అంతకన్నా మెరుగేమీ కాదు. అయితే ఇవి సదస్సుల తీరు మార్చాలనడానికి కారణాలే గాని, సదస్సులే వద్దనడానికి కావు. ఒక గురువు నిజంగా పిల్లలకు తొలి పాఠం చెబుతుంటే తక్కినవారు చూసి ప్రశ్నించేటట్టు, కీళ్ళ వైద్యుడో ఫిజియోథెరపిస్టో పక్కనే ఉండేటట్టు ఏర్పాటు చేయడానికి పెద్ద వేదిక కూడా అక్కరలేదు. ఖర్చు సంగతి వేరు: తెనాలిలోనో కరీంనగర్‌లోనో పిల్లల ఫీజులతో నెట్టుకొచ్చే టీచరు నాలుగు రోజులు తరగతి మూసి వస్తే తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవాలి, దారి ఖర్చులూ పెట్టుకోవాలి. ప్రదర్శనలకు ధారాళంగా నిధులిచ్చే సంస్థలు ఆ ఖర్చు భరించకుండా ‘గురువులకే ఆసక్తి లేదు’ అని నిష్ఠూరమాడటం న్యాయం కాదు.