డొంకరోడ్ల గుంతలు పూడేదెట్లా?

డొంకరోడ్డు మీద గ్రావెలు పొయ్యటం, రెండు వానలు పడేసరికి ఆ గ్రావెలు బోదెలోకి కొట్టుకుపోవటం మన ఊళ్ళలో పరిపాటి అయిపోయింది. గుంత ఉన్నచోటే ఉంటుంది. బిల్లు మాత్రం చెల్లిపోతుంది. మంగళగిరి, దుగ్గిరాల, తెనాలి ప్రాంతపు కూలిజనానికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే గుంత ఎందుకు పడుతోంది, పూడ్చినా ఎందుకు నిలవటంలేదు, నిలిచేట్టు పూడ్చే పని ఎవరికి దక్కాలి – ఈ మూడు ప్రశ్నలూ కలిపి ఆలోచిస్తేగాని అసలు విషయం తేలదు.

డొంక చెడితే ముందుగా దెబ్బతినేది కూలిమనిషి. ఆటో డొంక మొగదల్లోనే దింపేసి పోతుంది. అక్కణ్ణించి చేనిదాకా బురదలో నడక. ఆలస్యమైందని కూలిలో కోత. ట్రాక్టరు చేనిగట్టుకు రాకపోతే అరటిగెలలూ, కంద బస్తాలూ, పసుపు బస్తాలూ నెత్తిన మోసి రోడ్డెక్కించేది మనమే. ఆ మోతకు వేరే కూలి అడిగితే ‘మాకేం మిగులుతోంది’ అంటాడు రైతు. కౌలురైతు అంటే అది అబద్ధమూ కాదు. దారిలేని చేనికి వ్యాపారి ధర తగ్గించే అడుగుతాడు. ఈ విధంగా డొంకలో గుంత కూలికీ కౌలుదారుకూ మధ్య తగాదా పెడుతోంది. ఇద్దరికీ కావలసింది ఒకే దారి అన్న సంగతి మరుగున పడుతోంది.

పోనీ, డబ్బులేక రోడ్లు బాగుపడటంలేదా? కాజ టోల్‌గేటు దగ్గర రాత్రింబవళ్ళు వసూళ్ళు సాగుతూనే ఉన్నాయి. 2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి అమరావతి పనులకు తిరిగి శంకుస్థాపన చేశారు. 2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి ‘గుంతలు లేని రోడ్లు’ కార్యక్రమం మొదలుపెట్టారు. అది రోడ్లు, భవనాల శాఖ రోడ్లకు ఉద్దేశించింది. ఊరి నుంచి చేలోకి పొయ్యే డొంక ఆ లెక్కలోకి రాలేదు.

గుంతకు మూలం బండిచక్రం ఒక్కటే కాదు, నిలవనీరు. డెల్టాలో మనది ఎక్కువగా నల్లరేగడి. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే బీటలిస్తుంది. రోడ్డు నడిమిభాగం చదునైపోయి వాననీరు నిలిస్తే అడుగునేల నాని, చక్రం పడ్డచోటల్లా కుంగుతుంది. వెళ్ళే ప్రతి బండీ బురదనీటితోపాటు సన్నమట్టిని బయటికి చిమ్ముతుంది. చారెడు గుంత కాస్తా తొట్టె అవుతుంది. దీనికితోడు దమ్ముచక్రాలు విప్పకుండానే ట్రాక్టర్లను డొంక మీద నడుపుతారు. పలుకుబడి గలవాళ్ళు కొందరు గట్టు చెక్కి డొంకను చేలో కలుపుకుంటారు. పక్కబోదె పూడుస్తారు. తూము వెయ్యకుండా డొంకను అడ్డంగా తెగ్గొట్టి నీరు పెట్టుకుంటారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

కనుక నీళ్ళున్న గుంతలో తట్టెడు గ్రావెలు పారబొయ్యటం మరమ్మతు కాదు. పద్ధతి మన మేస్త్రీలకు తెలుసు. ముందు పక్కకాలువ తీసి నీటిని వదలాలి. బురద ఎత్తిపోసి గట్టినేల తగిలేదాకా తవ్వాలి. గుంత అంచుల్ని గడ్డపారతో నిలువుగా చెక్కాలి. అంచు పలచగా వదిలేస్తే కొత్త గ్రావెలు అక్కణ్ణించే లేచిపోతుంది. గ్రావెల్లో రాయి, ఇసుక, కొద్దిగా బంకమట్టి మూడూ ఉండాలి. ఒట్టి రాయైతే చెదిరిపోతుంది, ఒట్టి మట్టయితే బురదవుతుంది. మూడు నాలుగంగుళాల మందాన పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. చివరగా రోడ్డు మొత్తానికి తాబేలు వీపులాగా వాలు ఇవ్వాలి. పన్నెండడుగుల డొంకకు నడిమిభాగం అంచులకంటే సుమారు మూడంగుళాలు ఎత్తుండాలి. అప్పుడు నీరు నిలవదు, గుంత పడదు.

ఇందులో లెక్క కూడా మనం నేర్చుకోవాలి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు గుంత అంటే 18 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే గ్రావెలు అణుగుతుంది గనుక 22, 23 ఘనపుటడుగులు పొయ్యాలి. యూనిట్టు అంటే 100 ఘనపుటడుగులు. అంటే ఒక్క యూనిట్టుతో ఇలాంటి గుంతలు నాలుగు పూడతాయి. నాలుగు గుంతలకు నాలుగు యూనిట్లు పోశామని ఎం.బుక్కులో రాస్తే, మిగతా మూడు యూనిట్లు ఎక్కడికి పొయ్యాయని అడగవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ పుస్తకం నకలు తీసుకునే హక్కు మనకుంది.

పైన చెప్పిన పనంతా పలుగు, పార, తట్ట, దిమ్మిసలతో చేసేదే. కూలీల పనే. 2005 ఉపాధి హామీ చట్టం ఇదే చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. కాంట్రాక్టర్లు ఉండరాదు, కూలీల పని పోగొట్టే యంత్రాలు వీలైనంతవరకు వాడరాదు, ఖర్చులో 60 పాళ్ళు కూలికి పోవాలి, సామానుకు 40 పాళ్ళు దాటరాదు అన్నది ఆ చట్టం. అంటే మనం 60 రూపాయల మట్టిపని చేస్తేనే 40 రూపాయల సిమెంటు, కంకర వచ్చేది. 2024 అక్టోబరు 14న కంకిపాడులో ‘పల్లె పండుగ’ పేరిట ప్రారంభించిన సిమెంటు రోడ్లు ఈ ఉపాధి నిధులతోనే. ఊళ్ళో సిమెంటు రోడ్డు పడటం మంచిదే. కాని ఆ డబ్బు తెచ్చిపెట్టిన కూలీ చేనికి పొయ్యే డొంకకు అందులో వాటా అడగకూడదా?

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో ‘వికసిత్ భారత్ – జి రామ్ జి’ చట్టం చేసింది. పనిదినాలు 125 అన్నారు. కాని సేద్యపు పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఏడాదికి 60 రోజులదాకా పని ఆపవచ్చన్నారు. పాత చట్టంలో మట్టిపని కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది. కొత్త చట్టం మన రాష్ట్రంలాంటి వాటి నెత్తిన 40 పాళ్ళు పెట్టింది. రాష్ట్ర ఖజానా ఖాళీ అంటే ముందుగా ఆగేది మన కూలే.

మంగళగిరి చుట్టుపక్కల ఇంకో చిక్కుంది. 2021లో మంగళగిరి, తాడేపల్లి పట్టణాలనూ చుట్టూ ఉన్న గ్రామాలనూ కలిపి కార్పొరేషన్ చేశారు. నూతక్కి, పెదవడ్లపూడి, ఆత్మకూరు లాంటి ఊళ్ళు కాగితం మీద నగరమైపోయాయి. ఉపాధి హామీ గ్రామాలకే గనుక చట్టప్రకారం అక్కడి కూలీలు దానికి బయట. ఊరు నగరమైందిగాని డొంక డొంకగానే ఉంది. చేలో పని కూలిపనిగానే ఉంది. నగరమైనంత మాత్రాన ఆకలి తగ్గుతుందా? కేరళలో 2010లో అయ్యంకాళి పేరిట, రాజస్థాన్‌లో 2022లో పట్టణాల్లోనూ ఉపాధి హామీ పథకాలు పెట్టారు. ఇక్కడ ఎందుకు పెట్టరాదు?

అందువల్ల మనం అడగవలసినవి:

1. డొంకల మరమ్మతు ఏటా వేసవిలో, నాట్లకు ముందే, పక్కకాలువలతో సహా కూలీలచేత చేయించాలి. యంత్రాలకూ కాంట్రాక్టర్లకూ అప్పగించరాదు.

2. సర్వే ప్రకారం డొంకల హద్దులు తేల్చి, ఆక్రమణలు తొలగించాలి. నీరు దాటేచోట తూములు వెయ్యాలి.

3. ఏ డొంకకు ఎన్ని యూనిట్లు, ఎన్ని పనిదినాలు అన్నది పని జరిగేచోటే బోర్డు మీద రాయాలి.

4. కార్పొరేషన్‌లో కలిపిన గ్రామాల కూలీలకు రాష్ట్ర ప్రభుత్వమే పట్టణ ఉపాధి పథకం పెట్టి పని చూపాలి.

5. దమ్ముచక్రాలతో ట్రాక్టర్లు డొంకలెక్కకుండా గ్రామసభలో తీర్మానం చెయ్యాలి.

ఈ కోర్కెలకు సన్నకారు రైతులనూ, కౌలుదారులనూ కలుపుకురావాలి. ప్రతి ఊళ్ళో నలుగురైదుగురు టేపు పట్టుకుని డొంక పొడవునా నడిచి, గుంతల పొడవు, వెడల్పు, లోతు పుస్తకంలో రాయండి. ఎక్కడ బోదె పూడింది, ఎక్కడ గట్టు చెక్కారు అన్నది గుర్తుపెట్టండి. ఆ లెక్కతో, ఊరందరి వేలిముద్రలూ సంతకాలతో పంచాయతీ ఆఫీసుకో కార్పొరేషన్ ఆఫీసుకో పోయి అర్జీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ‘రోడ్డు బాగాలేదు’ అనే నోటిమాటను పక్కన పడెయ్యటం తేలిక. కొలతలేసిన కాగితానికి మాత్రం జవాబు చెప్పుకోవలసి వస్తుంది.