పెడిగ్రీనా, పౌచా, పెరుగన్నమా?

మన దగ్గర డ్రై ఫుడ్‌ని డ్రై ఫుడ్ అని ఎవరూ అనరు. పెడిగ్రీ అంటారు. వనస్పతి అంతా డాల్డా అయిపోయినట్టు, ఏ కంపెనీ గింజలైనా పెడిగ్రీయే. వడ్డాది నుంచి చోడవరం వెళ్లి, మూడు కిలోల సంచి బండి మీద పెట్టుకొచ్చిన కుర్రాడికి గుమ్మంలోనే మామ్మ క్లాసు పీకుతుంది: "ఏటిరా, కుక్కకి ఇంత డబ్బెట్టి కొన్నావా? కూడు తినదేటి అది?" ఫోన్ తెరిస్తే రీల్ ఇంకో మాట చెబుతుంది. డ్రై ఫుడ్ పెడితే కిడ్నీలు పోతాయట, వెట్ ఫుడ్డే పెట్టాలట. లాబ్రడార్ పిల్ల మాత్రం ఎవరు ఏది పెడతారా అని తోకాడిస్తూ చూస్తుంటుంది.

ముందు నీళ్ల లెక్క. డ్రై ఫుడ్‌లో తేమ దాదాపు 10 శాతం. పౌచ్‌లో, డబ్బాలో 75 నుంచి 85 శాతం. మామూలుగా తిరిగే 15 కిలోల పెద్ద కుక్కకి రోజుకి సుమారు 850 కిలోకేలరీలు కావాలి. కిలో డ్రై ఫుడ్‌లో దాదాపు 3,500 ఉంటాయి కాబట్టి పావుకిలోతో పని అయిపోతుంది. కిలో వెట్ ఫుడ్‌లో ఉండేది 800 నుంచి 1,000. అంటే రోజుకి దాదాపు కిలో పెట్టాలి. 70 గ్రాముల గ్రేవీ పౌచ్‌లైతే పన్నెండు నుంచి పదిహేను! ఒక పౌచ్ ధరని ముందు పదమూడుతో, తర్వాత ముప్ఫైతో గుణించి చూడండి. చాలా ఇళ్లలో ఈ చర్చ అక్కడే ముగుస్తుంది.

అలాగని పౌచ్‌లో సరుకు లేదని కాదు. వెనక్కి తిప్పి చూస్తే డ్రై సంచి మీద ప్రొటీన్ 22 శాతం, పౌచ్ మీద 7 శాతం అని ఉందనుకోండి. మోసం అనిపిస్తుంది. నీళ్లు తీసేసి లెక్కేయండి. డ్రై ఫుడ్‌లో 90 భాగాల పదార్థానికి 22, అంటే 24 శాతం. 80 శాతం తేమ ఉన్న పౌచ్‌లో 20 భాగాలకి 7, అంటే 35 శాతం. పౌచే గెలిచింది. మనం డబ్బు పెడుతున్నది నీళ్లకి, ప్యాకింగ్‌కి కూడా, అంతే తేడా.

అసలు డ్రై ఫుడ్ పైకి వచ్చింది కూడా రుచి వల్ల కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో కుక్కల తిండి అంటే ఎక్కువగా డబ్బాలదే. యుద్ధంలో తగరానికి, మాంసానికి రేషన్ పెట్టేసరికి కంపెనీలు ఎండు తిండికి మళ్లాయి. ఇప్పుడు మన సిద్దిపేట జిల్లాలోనే పెడిగ్రీ తయారుచేసే మార్స్ సంస్థ ఫ్యాక్టరీ ఉంది.

ఇక కిడ్నీల భయం. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి మంచి డ్రై ఫుడ్ వల్ల కిడ్నీలు పాడవుతాయనడానికి గట్టి ఆధారం లేదు. కానీ నీళ్లు తాగాలి. తిండిలోదీ తాగేదీ కలిపి కిలో బరువుకి రోజుకి 50-60 మిల్లీలీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నీళ్ల గిన్నె ఖాళీగా పెట్టి డ్రై ఫుడ్‌ని తిట్టడం న్యాయం కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవి, మూత్రంలో రాళ్లు వచ్చినవి, పళ్లు ఊడిన ముసలివి, నీళ్లు ముట్టనివి, వీటికి మాత్రం వెట్ ఫుడ్ నిజంగా మేలు, డాక్టర్ చెప్పిన రకమే పెట్టాలి. మిగతావాటికి డ్రై మీద ఒక పౌచ్ కలిపితే చాలు. కలిపినప్పుడు డ్రై ఒక 20 గ్రాములు తగ్గించండి, లేకపోతే బొజ్జ వస్తుంది. గింజలు నమిలితే పళ్లు శుభ్రమవుతాయన్న మాట మామూలు డ్రై ఫుడ్ విషయంలో పెద్దగా నిజం కాదు. బ్రష్ చేయాల్సిందే.

మన వాతావరణంలో ఇంకో చిక్కుంది. విడిగా తూచి అమ్మే గింజలు కొనకండి. వేడికి, గాలికి వాటిలోని కొవ్వు ముక్కిపోతుంది. సంచి అలాగే మడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టి నెలలో ఖాళీ చేయండి. వెట్ ఫుడ్ అయితే మే నెలలో గిన్నెలో గంట దాటితే పారేయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడదామంటే కరెంటు ఉండాలిగా!

ఇప్పుడు మామ్మ దగ్గరికి వద్దాం. ఆవిడ పెట్టే పెరుగన్నం కూడా వెట్ ఫుడ్డే కదా? తేమ వరకూ అవును. కానీ పాలు, అన్నం, ఎముకల్లేని చికెన్ మీదే పెరిగిన పిల్లకి కాల్షియం చాలదు. ఎముకలు మెత్తబడి ముందు కాళ్లు విల్లులా వంగుతాయి. అందరూ దానికి కాల్షియం సిరప్ పట్టేస్తారు. పప్పీ డ్రై ఫుడ్ తింటున్న లాబ్‌కి, జర్మన్ షెపర్డ్‌కి ఆ సిరప్ పైన పోస్తే అది ఇంకో ప్రమాదం. పెద్ద జాతి పిల్లల్లో కాల్షియం ఎక్కువైనా ఎముకలు సరిగా పెరగవు.

అందుకే నా లెక్క ఇది: డబ్బు తక్కువుంటే ఉన్నదంతా పిల్ల పెరిగే కాలంలో పెట్టండి. లాబ్‌కి అది ఏడాది నుంచి ఏడాదిన్నర. అప్పటిదాకా సంచి మీద పిల్లలకి సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న డ్రై ఫుడ్డే పెట్టండి. పెద్దయ్యాక సగం డ్రై, సగం ఇంటి అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర మాత్రం వద్దు, అవి ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి. పక్కనే ఉంది కదా అని మాడుగుల హల్వా ముక్క కూడా వద్దు. అంత నెయ్యి ఒక్కసారి పడితే పాంక్రియాస్ వాచి, డ్రిప్పులు ఎక్కించాల్సి రావచ్చు.

తిండి మార్చేటప్పుడు వారం తీసుకోండి. మొదటి రెండ్రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు. మధ్యలో విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.